డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

బోదకాలును ఈడ్చుకుంటూ కాలువగట్ల వెంట నడిచేవారిని చూసిన పెద్దలు కృష్ణా డెల్టాలో నేటికీ ఉన్నారు. ఆ వ్యాధికి మందు కనుగొన్న పరిశోధకబృందానికి సారథి, మన పొరుగు డెల్టాలోని భీమవరంలో 1895లో జన్మించిన సుబ్బారావుగారు.

సోదరుడు పురుషోత్తం గ్రహణి వ్యాధికి బలి అయ్యాడు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించిన ఫలితంగా ఆయనకు ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది. 1922లో అమెరికా చేరారు. హార్వర్డులో ఏళ్ళ తరబడి శ్రమించినా స్థిరమైన ఆచార్యపదవి దక్కలేదు. ఇది ఆ విద్యాలయానికే కొరత అని నా అభిప్రాయం. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. 1947లో ఆయన బృందం హెట్రజాన్‌ను వెలువరించింది.

ఈ మందు స్వభావం విచిత్రమైనది. పరీక్షనాళికలో క్రిమిపిల్లలను అది అంతగా చంపదు. రక్తంలో చేరినప్పుడే దాని శక్తి బయటపడుతుంది. కణాల నడుమ వాపు సందేశాలను మోసే పదార్థాలను కొన్ని ఎంజైములు తయారుచేస్తాయి. హెట్రజాన్ వాటి పనిని అడ్డుకుంటుంది. అంతవరకు క్రిమిపిల్లలను ఉపేక్షించిన రక్షకకణాలు అప్పుడు వాటిని పట్టి నశింపజేస్తాయని శాస్త్రజ్ఞుల భావన. ముదిరిన వాపును మాత్రం అది తీయలేదు. రక్తంలోని క్రిమిపిల్లలను తగ్గించి, దోమల ద్వారా వ్యాధి ఇతరులకు సోకకుండా చేస్తుంది. ఆరోగ్యకార్యకర్తలు ఇంటింటా పంచిన డి.ఇ.సి. బిళ్ళ ఇదే.

సుబ్బారావుగారు స్వదేశానికి తిరిగి రాలేదు. 1948 ఆగస్టులో అమెరికాలోనే కన్నుమూశారు.