కోడిపెట్ట గడ్డలో దొరికిన క్యాన్సర్ రహస్యం.. నోబెల్ రావడానికి 55 ఏళ్లు! ఎవరీ పేటన్ రౌస్?

1909, న్యూయార్క్. రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో క్యాన్సర్ ల్యాబ్ బాధ్యతలు అప్పుడే తీసుకున్న ఓ కుర్ర డాక్టర్ దగ్గరకు ఓ పేషెంట్ వచ్చింది. మనిషి కాదు.. కోడిపెట్ట! ప్లిమత్ రాక్ జాతి కోడి. ఛాతీలో కుడివైపు పెద్ద గడ్డ. ఇంకొకరైతే ఆ కోడిని పారేసి చేతులు కడుక్కునేవాళ్లు. ఈ డాక్టర్ మాత్రం గడ్డ కోసి, మైక్రోస్కోప్ కింద పెట్టి చూశారు. అది సార్కోమా.. అంటే కండరాలు, ఎముకల్లాంటి కణజాలంలో పుట్టే ఒక రకం క్యాన్సర్.

ఆయన పేరు పేటన్ రౌస్. వైరస్ వల్ల గట్టి కణితి రూపంలో ఉండే క్యాన్సర్ రావచ్చని మొదట నిరూపించిన సైంటిస్ట్. కానీ ఆ మాట ప్రపంచం నమ్మేసరికి ఆయనకు 87 ఏళ్లొచ్చాయి.

డాక్టర్ చదువులో ఉండగానే టీబీ

రౌస్ 1879 అక్టోబర్ 5న అమెరికాలోని బాల్టిమోర్‌లో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి చనిపోయారు. ముగ్గురు పిల్లల్ని తల్లే పెంచింది. డబ్బులకు ఇబ్బందే. అయినా పిల్లల చదువు కోసం ఆ ఊరు వదల్లేదు. జాన్స్ హాప్‌కిన్స్‌లో మెడిసిన్ చదువుతుండగా పెద్ద దెబ్బ తగిలింది. టీబీతో చనిపోయిన వ్యక్తికి పోస్టుమార్టం చేస్తుంటే ఎముక గీసుకుని వేలు తెగింది. ఆ చిన్న గాయంలోంచే టీబీ ఒంట్లోకి పాకింది. చంక దగ్గర గ్రంథులు వాచాయి, ఆపరేషన్ చేశారు. అప్పటికి టీబీకి మందుల్లేవు. గాలి మారితే మంచిదని టెక్సాస్ పంపించారు. అక్కడ ఏడాది పాటు గుర్రమెక్కి పశువుల మందలు తోలారు. అవును, సినిమాల్లో చూసే కౌబాయ్ పనే!

తిరిగొచ్చి 1905లో డాక్టర్ పట్టా తీసుకున్నారు. కానీ హౌస్ సర్జన్‌గా చేస్తున్నప్పుడే పేషెంట్లకు వైద్యం చేయడం తనవల్ల కాదని అర్థమైపోయింది. పాథాలజీ వైపు, అంటే రోగం ఒంట్లో ఏం చేస్తుందో వెతికే పని వైపు తిరిగారు. మిషిగన్ యూనివర్సిటీలో చిన్న జీతానికి చేరారు. అక్కడి నుంచి రాక్‌ఫెల్లర్‌కు వెళ్లారు. ఆ సంస్థ డైరెక్టర్ సైమన్ ఫ్లెక్స్‌నర్ పోలియో పరిశోధనలోకి వెళ్తూ క్యాన్సర్ ల్యాబ్‌ను ఈ కుర్రాడి చేతిలో పెట్టారు.

అసలు ఆ ప్రయోగం ఏంటి?

గడ్డ ముక్కను వేరే కోళ్లలో పెడితే అక్కడా పెరిగింది. మొదట్లో అదే మందలోని కోళ్లలో మాత్రమే. ఇందులో పెద్ద వింత లేదు.. బతికున్న క్యాన్సర్ కణాలు వెళ్లాయి కాబట్టి పెరిగాయి అనుకోవచ్చు. రౌస్ అక్కడ ఆగలేదు. గడ్డను మెత్తగా నూరి, ఉప్పు ద్రావణంలో కలిపి, చాలా సన్నని రంధ్రాలున్న ఫిల్టర్‌లో వడగట్టారు. మనం టీ వడగట్టినట్టే, కాకపోతే ఈ ఫిల్టర్‌లోంచి కణాలు కాదు కదా, బ్యాక్టీరియా కూడా దాటలేదు. కింద దిగిన నీటిని ఆరోగ్యంగా ఉన్న కోళ్లకు ఎక్కించారు. వాటికీ సార్కోమా వచ్చింది!

అంటే కణం లేకుండానే క్యాన్సర్ వెళ్లింది. ఫిల్టర్ దాటేంత చిన్నదేదో దాన్ని మోసుకెళ్లింది. 1911లో ఈ ఫలితాన్ని ప్రచురించిన రౌస్, వైరస్ అనే మాట గట్టిగా వాడకుండా జాగ్రత్తగానే రాశారు. అయినా ఎవరూ నమ్మలేదు.

నమ్మకపోవడానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. క్యాన్సర్ పేషెంట్‌కు సేవ చేసిన భార్యకో, నర్సుకో అది అంటుకోవడం డాక్టర్లెవరూ చూడలేదు. మరి వైరస్ అంటే ఎలా? ఫిల్టర్ లీకై కణాలు దిగాయేమో అన్నారు కొందరు. అసలది క్యాన్సరే కాదన్నారు ఇంకొందరు. కోళ్ల సంగతి కోళ్లది, మనుషులకేం సంబంధం అని తేల్చేసినవాళ్లే ఎక్కువ. వైరస్‌ను కంటితో చూపించే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ అప్పటికి పుట్టనే లేదు. రౌస్ ఎలుకల కణితుల్లోనూ అలాంటిదే వెతికారు. దొరకలేదు. చివరికి 1915 ప్రాంతంలో ఆ పనే పక్కన పెట్టేశారు. సరైన దారిలో ఉన్న మనిషి తనంతట తానే వెనక్కి తిరగడం ఈ కథలో అన్నిటికంటే బాధ కలిగించే ఘట్టం.

(ఇది చదివి చికెన్ మానేయక్కర్లేదు. ఇది కోళ్ల వైరస్. దీనివల్ల మనుషులకు క్యాన్సర్ వచ్చినట్టు తేలలేదు.)

పక్కన పెట్టిన టైమ్‌లో.. బ్లడ్ బ్యాంక్‌కు పునాది

మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. అప్పట్లో రక్తం ఎక్కించాలంటే సాధారణంగా దాత పక్కనే ఉండాల్సి వచ్చేది, ఎక్కువ రోజులు నిల్వ చేసే పద్ధతి లేదు. రౌస్, ఆయన సహచరుడు టర్నర్ కలిసి 1916లో సిట్రేట్, గ్లూకోజ్ కలిపిన ద్రావణంలో రక్తకణాలు వారాల తరబడి పాడవకుండా ఉంటాయని చూపించారు. మరుసటి ఏడాదే ఓస్వాల్డ్ రాబర్ట్‌సన్ అనే అమెరికన్ ఆర్మీ డాక్టర్ ఆ ద్రావణంతో రక్తాన్ని ఐస్ పెట్టెల్లో దాచి, యుద్ధభూమిలో గాయపడిన సైనికులకు ఎక్కించారు. మొట్టమొదటి బ్లడ్ బ్యాంక్ అని చరిత్రకారులు చెప్పేది దీన్నే. ఈ ఒక్క పనితోనే రౌస్ పేరు నిలిచిపోయేది.

ఆ తర్వాత చాలా ఏళ్లు లివర్, గాల్ బ్లాడర్ మీద పనిచేశారు. జర్నల్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంటల్ మెడిసిన్‌కు దాదాపు 50 ఏళ్లు ఎడిటర్. 1933లో స్నేహితుడు రిచర్డ్ షోప్, అడవి కుందేళ్లకు పులిపిర్లు తెప్పించే వైరస్‌ను కనిపెట్టి, మిగతా పని నువ్వు చూడమని రౌస్‌కు అప్పగించారు. వదిలేసిన దారి మళ్లీ మొదలైంది. ఆ పులిపిర్లు కొన్నాళ్లకు క్యాన్సర్‌గా మారుతున్నాయని రౌస్ బృందం చూపించింది. ఈసారి కోళ్లు కాదు, పాలిచ్చే జంతువులు! గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇప్పుడు ఆడపిల్లలకు వేస్తున్న హెచ్‌పీవీ వ్యాక్సిన్ ఆపేది కూడా ఇదే పాపిలోమా కుటుంబానికి చెందిన వైరస్‌లనే.

అల్లుడి తర్వాత మామకు నోబెల్

రౌస్ పేరు నోబెల్‌కు మొదటిసారి వెళ్లింది 1926లో. విచిత్రం చూడండి.. ఆ ఏడాది ప్రైజ్ డెన్మార్క్ సైంటిస్ట్ ఫిబిగర్‌కు దక్కింది, పురుగుల వల్ల ఎలుకల కడుపులో క్యాన్సర్ వస్తుందని చెప్పినందుకు. అది తప్పని తర్వాత తేలింది. ఆ తర్వాత దాదాపు 40 ఏళ్లు నోబెల్ కమిటీ క్యాన్సర్ జోలికే పోలేదు. ఈలోగా రౌస్ అల్లుడు అలన్ హాడ్జ్‌కిన్‌కు నరాల మీద పరిశోధనకు 1963లో నోబెల్ వచ్చేసింది. మామగారి వంతు 1966లో వచ్చింది, చార్లెస్ హగిన్స్‌తో కలిపి. కోడి గడ్డ పేపర్ అచ్చయిన 55 ఏళ్లకు!

అసలు ట్విస్ట్ ఇక్కడుంది. జన్యువుల్లో మార్పుల వల్లే క్యాన్సర్ వస్తుందన్న సిద్ధాంతాన్ని రౌస్ జీవితాంతం ఒప్పుకోలేదు. నోబెల్ ప్రసంగంలోనూ దాన్ని తోసిపుచ్చారు. ఒకప్పుడు తన మాట ఎవరూ వినలేదని బాధపడిన మనిషే ఇప్పుడు కొత్త మాట వినడానికి సిద్ధంగా లేరు.

1970 ఫిబ్రవరి 16న 90 ఏళ్ల వయసులో రౌస్ కన్నుమూశారు. క్యాన్సర్‌తోనే. కొద్ది నెలలకే హోవార్డ్ టెమిన్ రౌస్ వైరస్‌లో ఓ కొత్త ఎంజైమ్ పట్టుకున్నారు. డేవిడ్ బాల్టిమోర్ కూడా అదే సమయంలో విడిగా దాన్ని కనిపెట్టారు. ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అది. కరోనా టైమ్‌లో ముక్కులో పుల్ల పెట్టి చేసిన ఆర్టీ-పీసీఆర్ టెస్ట్ గుర్తుందిగా? అందులో మొదటి పని ఈ రకం ఎంజైమ్‌దే.

రౌస్ వైరస్‌లో క్యాన్సర్ తెచ్చే జన్యువు ఎక్కడి నుంచి వచ్చిందో 1976లో బిషప్, వార్మస్ బృందం బయటపెట్టింది. సార్క్ అనే ఆ జన్యువు వైరస్ సొంతం కాదని, ఆరోగ్యంగా ఉన్న కోడి కణాల్లోంచే ఎప్పుడో దొంగిలించిందని తేలింది. అలాంటి జన్యువే మనుషుల కణాల్లోనూ ఉంది. దారి తప్పితే క్యాన్సర్‌కు కారణమయ్యేవి మనలోనే ఉన్న మామూలు జన్యువులేనని అలా బయటపడింది. రౌస్ కాదన్న సిద్ధాంతానికి రౌస్ వైరసే సాక్ష్యం ఇచ్చింది. బిషప్, వార్మస్‌లకు 1989లో నోబెల్ వచ్చింది.