గోదావరి గట్టున ఒక ఇంగ్లీషు పంతులు: కూల్డ్రే దొరగారి జీవితము

పుట్టిన ఊరు విడిచి పరాయిసీమలో బ్రతుకుదెరువు చూచుకోవడమంటే ఏమిటో మన షోలాపూరు పేటలవారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ సీమల నుండి మన తాతముత్తాతలు మగ్గం పనిని నమ్ముకొని ఇక్కడికి వచ్చారు. 1877లో ఈ ఊర మొదటి నూలుమిల్లు నడవనారంభించిన తరువాత ఆ రాక మరింత హెచ్చింది. మగవారు మగ్గాల మీద, ఆడవారు బీడీల చాటల ముందు కూర్చొని సంసారాలు నిలబెట్టారు. బజారులో మరాఠీ, ఇంట తెలుగు, ఉద్యోగానికి ఇంగ్లీషు. ఈ మూడింటి నడుమ మన పిల్లలు పెరుగుతున్నారు. ఏ భాష నేర్పాలి, ఏది మానాలి అనే తగవు మన ఇండ్లలో ప్రతి జూన్ నెలలోను, బడులు తెరిచే వేళకు, లేస్తూనే ఉంటుంది.

ఈ తగవులో మనకు కొంత తోడ్పడగల ఒక జీవితాన్ని ఈ ఉగాది సంచికలో పాఠకుల ముందు ఉంచదలచాము. ఆయనా ఇల్లు విడిచి వచ్చినవాడే. అయితే ఆయన వచ్చినది ఇంగ్లాండు నుండి. చేరినది మన తెలుగుగడ్డ మీద రాజమహేంద్రవరానికి. ఆయన చేతిపని ఇంగ్లీషు పాఠం చెప్పడం. పేరు ఆస్వాల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రే. గోదావరి జిల్లాలవారు నేటికీ కూల్డ్రే దొరగారని చెప్పుకుంటారు.

ఆయన 1882లో జన్మించారు. చదువు మొదట ఆబింగ్డను అనే చిన్న పట్టణంలోని పాఠశాలలోను, పిదప ఆక్స్‌ఫర్డులోని పెంబ్రోక్ కళాశాలలోను జరిగింది. ఆబింగ్డను థేమ్సు నది ఒడ్డున ఉన్న ఊరు. ఆక్స్‌ఫర్డుకు కొద్ది మైళ్ల దూరం. అనగా నది ఒడ్డున పెరిగి, నది ఒడ్డునే ఉద్యోగానికి వచ్చినవారన్నమాట. చదువు ముగిసిన పిమ్మట ఆయన ఇండియన్ ఎడ్యుకేషనల్ సర్వీసులో చేరారు.

ఆ సర్వీసు సంగతి మన పాఠకులు కొంత తెలుసుకోవాలి. 1896లో ప్రభుత్వంవారు విద్యాశాఖ ఉద్యోగాలను రెండుగా చీల్చారు. పై మెట్టు ఉద్యోగులను ఇంగ్లాండులో ఎంపిక చేసి పంపేవారు. ఈ దేశంలో ఎంపికైనవారిది ప్రొవిన్షియల్ సర్వీసు. చదువులో తీసిపోనివారైనా మనవారికి జీతము, హోదా రెండూ తక్కువ. కాబట్టి కూల్డ్రేగారు మన తాతలవలె వట్టి చేతులతో, ఎవరి కొట్టులో పని దొరుకుతుందో తెలియక వచ్చినవారు కారు. పాలకుల జాతివారుగా, పెద్ద జీతం మీద వచ్చారు. ఈ తేడాను మరచి ఆయన కథ చెప్పడం న్యాయం కాదు.

ఆయన రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చినది 1909లో. అప్పటికాయన వయస్సు ఇరవై ఏడు. వచ్చిన కాలం మంచిది కాదు. రెండేండ్ల క్రితమే, 1907లో, బిపిన్ చంద్రపాల్ గారు ఆ ఊరికి వచ్చి ఉపన్యాసాలిచ్చారు. విద్యార్థులు వందేమాతరం బిళ్లలు గుండెకు తగిలించుకొని తరగతులకు పోయారు. తెల్లదొరలైన అధికారులు కోపించి శిక్షలు విధించారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని ట్రెయినింగు కాలేజీ నుండి వెళ్లగొట్టినది అప్పుడే. ఆ గాయం మానకముందే మరొక తెల్లదొర వచ్చి ప్రిన్సిపాలు కుర్చీలో కూర్చుంటే విద్యార్థులు ఏ చూపుతో చూచి ఉంటారో మనం ఊహించుకోవచ్చును.

పైగా ఇంగ్లీషు చదువు ఆ రోజులలో ఎట్లా ఉండేదో పెద్దలకు తెలియనిది కాదు. షేక్స్పియరు నాటకాలకు అర్థాలు వల్లించడం, నోట్సు బట్టీ పట్టడం, పరీక్ష దాటితే ఒక గుమాస్తా కొలువు. మెట్రిక్యులేషను దాటి రైల్వేలో గుమాస్తా పని చేస్తున్న మాకు ఆ చదువు విలువ తెలుసును. అది మాకు అన్నం పెడుతున్నది. అయితే ఆ చదువులో ఒక చేటు కూడా ఉన్నది. పిల్లవాడు ఇంగ్లీషు నేర్చిన కొద్దీ తన ఊరి పాట, తన ఇంటి ముగ్గు, తన గుడి గోడ మీది బొమ్మ చిన్నవని తలచడం మొదలుపెడతాడు. పంతులు చెప్పకపోయినా ఆ తలంపు పాఠంతోపాటే వస్తుంది.

కూల్డ్రేగారి గొప్పతనం ఇక్కడ ఉన్నది. ఆయన ఇంగ్లీషు కవిత్వాన్ని ప్రేమించినవారు, స్వయంగా కవి, నీటిరంగులలో బొమ్మలు వేయగల చిత్రకారుడు. తన భాషను తక్కువ చేసుకోలేదు. కాని విద్యార్థిని తన వంటి ఆంగ్లేయునిగా మార్చడం తన పని అనుకోలేదు. గోదావరిని, కొండలను, పల్లెలను చూచి తానే బొమ్మలు వేశారు. తెల్లదొర తమ ఏటిగట్టును అంత శ్రద్ధగా చూడడం చూచి, అంతవరకు దానిని చూడని కుర్రవాళ్లు కూడా చూడడం మొదలుపెట్టారు. కవిత్వం మీద, బొమ్మల మీద మనసున్న పిల్లలను చేరదీశారు. అట్లా ఆయన చుట్టూ చేరినవారిలో ముగ్గురి పేర్లు ఇక్కడ చెప్పాలి.

మొదటివారు దామెర్ల రామారావు గారు. 1897లో రాజమహేంద్రవరంలో పుట్టారు. ఆ పిల్లవాని చేతిలోని నేర్పును కనిపెట్టి, దానికి తగిన చదువు చెప్పించాలని పట్టుబట్టినవారు కూల్డ్రేగారు. ఆయన ప్రోత్సాహంతో, సాయంతో రామారావుగారు 1916లో బొంబాయి జె.జె. చిత్రకళాశాలలో చేరారు. రైలు ఉద్యోగులం గనుక ఒక ముచ్చట చెప్పుకోకుండా ఉండలేము. ఆ కాలంలో రాజమహేంద్రవరం నుండి బొంబాయికి పోయేవారు బెజవాడ, సికింద్రాబాదుల మీదుగా వచ్చినా, మద్రాసు చుట్టి రాయచూరు మీదుగా వచ్చినా, వాడి జంక్షనులో కలిసి మన షోలాపూరు స్టేషను దాటి పోవడమే వాడుక. మన్మాడు మీదుగా మీటరుగేజి దారి ఒకటి లేకపోలేదు గాని అది చుట్టుదారి. కనుక ఆ కుర్రవాడు రంగుల పెట్టెతో మన ఊరి ప్లాట్‌ఫారం ప్రక్క నుండే పోయి ఉంటాడని తలచుకోవడం మాకు సంతోషం.

రామారావుగారు 1920లో చదువు ముగించుకొని తిరిగి రాజమహేంద్రవరమే వచ్చారు. అక్కడ చిత్రకళాశాల నెలకొల్పి, తాను నేర్చినది తోటివారికి నేర్పారు. 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి, ఇరవై ఎనిమిదేండ్లు నిండకుండానే కన్నుమూశారు. ఆయన పేర వెలసిన చిత్రశాలలో ఆయన బొమ్మలను నేటికీ చూడవచ్చును. వానిలో ఉన్నవి మన స్త్రీలు, మన కట్టుబొట్టు, మన పురాణకథలు, మన గోదావరి. ఇంగ్లీషు దొర చేరదీసిన శిష్యుడు వేసినది ఇంగ్లాండు కాదు.

రెండవవారు అడివి బాపిరాజు గారు. 1895లో పుట్టారు. కవి, చిత్రకారుడు, నవలారచయిత. ఆయన వ్రాసిన నారాయణరావు నవలకు, విశ్వనాథ సత్యనారాయణ గారి వేయిపడగలుకు కలిపి ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారు 1934లో బహుమతి ఇచ్చారు. ఇంగ్లీషు గురువును జన్మంతా ప్రేమించిన ఈ శిష్యుడే, గాంధీగారి సహాయనిరాకరణోద్యమంలో ఇంగ్లీషు ప్రభుత్వాన్ని ఎదిరించి జైలుకు పోయారు. గురువు మీద ప్రేమ వేరు, దొరతనం మీద పోరు వేరు అని ఆ తరంవారు చక్కగా ఎరుగుదురు. మూడవవారు కవికొండల వెంకటరావు గారు. ఆయన కూడా కవిగా పేరుపొందారు.

సర్వేపల్లి రాధాకృష్ణ పండితులు తత్త్వశాస్త్రం బోధించడానికి 1917లో ఆ ఊరి కళాశాలకే వచ్చారు. ఆయన తరువాత 1936లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో ఆచార్యులైనారు. థేమ్సు నుండి ఒకరు గోదావరికి, గోదావరి నుండి ఒకరు థేమ్సుకు పాఠం చెప్పడానికి పోయారు. చదువు ఒక దిక్కుకే పారే కాలువ కాదని ఇందువలన తెలుస్తున్నది.

ఇంత చేసిన కూల్డ్రేగారికి ఒక కష్టం వచ్చింది. చెవుడు. భాష చెప్పే పంతులుకు చెవి వినపడకపోవడం అంటే నేతగానికి కన్ను పోవడం వంటిది. విద్యార్థి పలుకు తప్పో ఒప్పో వినలేనివాడు దిద్దుట ఎట్లా? 1919లో ఆయన ఉద్యోగం విడిచి స్వదేశం వెళ్లిపోవలసి వచ్చింది. అప్పటికాయన వయస్సు ముప్పది ఏడు. ఇంచుమించు మా ఈడు. ఆ ఈడున చేతిపని పోవడమంటే ఏమిటో, మిల్లు మూతపడి రోడ్డున పడిన కుటుంబాలున్న మన ఊరికి వేరే చెప్పనక్కరలేదు.

ఆయన మిగిలిన జీవితమంతా ఆబింగ్డనులోనే బొమ్మలు వేస్తూ, వ్రాసుకుంటూ గడిపారు. మరుసటి ఏడే, 1920లో, ఒక కవితల పుస్తకం అచ్చు వేయించారు. దాని పేరు థేమ్స్ అండ్ గోదావరి. రెండు నదుల పేర్లూ ఒకే అట్ట మీద పెట్టుకున్నారు. 1924లో సౌత్ ఇండియన్ అవర్స్ అనే పుస్తకంలో ఇక్కడి బ్రతుకును తన దేశంవారికి చెప్పారు. పదేండ్లు ఉన్న సీమను మరువక, ఆ ఊసులే వ్రాసుకున్నారు. తన ప్రియశిష్యుడు రామారావు పోయిన తరువాత ముప్పది మూడేండ్లు బ్రతికి, 1958లో కాలధర్మం చెందారు.

ఆయన జీవితం నుండి మనం గ్రహించవలసినది ఒకటున్నది. పరాయిభాష నేర్వడం వలన సొంతభాష పోదు. సొంతది చిన్నదని ఇంట ఎవరూ కాదనకపోయినప్పుడు పోతుంది. కూల్డ్రేగారి విద్యార్థులు ఇంగ్లీషు బాగుగానే నేర్చారు; దానితోపాటు గోదావరిని చూడడమూ నేర్చారు. ఆ రెండవ పాఠం చెప్పడానికి వారికి ఒక పరదేశి కావలసి వచ్చింది. మన పిల్లలకు ఆ పాఠం చెప్పడానికి సముద్రాల అవతల నుండి ఎవరూ రానక్కరలేదు. అవ్వ ఉన్నది, అమ్మ ఉన్నది, మగ్గం మీద అంచు నేయడం తెలిసిన తాత ఉన్నాడు. ఆ అంచులోని పువ్వుకు తెలుగులో పేరేమిటో, శ్రావణ పున్నమినాడు మనం మార్కండేయుని ఊరేగింపు ఎందుకు చేస్తామో పిల్లలకు తెలుగులో చెప్పడానికి ఫీజు లేదు.

పెద్దచదువులు చదివి పరదేశాలకు పోయి ఉద్యోగాలు చేసే యువకులు ఇప్పుడు మన పేటలలోనూ ఉన్నారు. రేపు వారిలో ఒకరు ఎక్కడో పంతులుగా నిలబడవచ్చును. అట్టివారికి మేము చెప్పుకునేది ఇంతే. పాఠం చెప్పే ముందు ఆ ఊరి ఏటిని, ఆ పిల్లల ఇంటి గోడను ఒకసారి శ్రద్ధగా చూడండి. అక్కడి నుండి వచ్చిన తరువాత మీ పుస్తకం అట్ట మీద మన పేటకు కూడా కాస్త చోటివ్వండి.

మరాఠీ సోదరులు గుఢి ఎత్తే ఈ శుభదినానే మనం ఉగాదిపచ్చడి ఆరగిస్తున్నాము. ఒకే నాడు రెండు పేర్ల పండుగ జరుపుకునే ఊరిలో ఉన్నవారికి రెండు మూడు భాషలు బరువు కారాదు. ఈ సాయంత్రం పంచాంగశ్రవణం ముగిసిన తరువాత ప్రతి ఇంటా పిల్లలను కూర్చుండబెట్టి ఒక తెలుగు కథ చెప్పవలసినదిగా కోరుతూ, పాఠకులందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు తెలుపుకుంటున్నాము.