చెయ్యేటి సీమ రాళ్లకు వరుస కట్టిన డాక్టర్ కింగ్

రాజంపేట, పుల్లంపేట, నందలూరు ప్రాంతాల్లో ఉద్యోగం చేసిన మన సభ్యులకు పునాది గుంటల్లో పలకలుగా విడిపోయే రాయి బాగా పరిచయమే. తవ్వేటప్పుడు గట్టిగానే ఉంటుంది. బయట పడేస్తే కొన్ని వానలకే పొరలు ఊడిపోతుంది. ఆ రాతికి పుల్లంపేట పేరు పెట్టి శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కించినవారు ఐర్లండు నుంచి వచ్చిన డాక్టర్ విలియం కింగ్ గారు.

ఆయన తండ్రిగారి పేరు కూడా విలియం కింగే. గాల్వే కళాశాలలో ఆచార్యులు. నియాండర్తల్ మానవుణ్ణి వేరే జాతిగా గుర్తించి 1864లో పేరును ప్రకటించినది ఆ తండ్రిగారు. పేర్లు ఒకటే కావడంతో ఇద్దరినీ ఒకరుగా పొరబడేవారు నేటికీ ఉన్నారు. కుమారుడు 1857లో భారత భూగర్భ పరిశీలన శాఖలో చేరి మద్రాసు రాజధానికి వచ్చారు. 1863లో సహోద్యోగి రాబర్ట్ బ్రూస్ ఫూట్ గారితో కలిసి అత్తిరంపాక్కం వద్ద ఆదిమానవుల రాతి పనిముట్లు కనుగొన్నారు. ఇది ఒక్కటి చాలు, ఎవరి పేరైనా నిలవడానికి. కానీ మనకు ముఖ్యమైన పని కడప, కర్నూలు సీమలది.

ఇక్కడి రాళ్లలో వయసు తెలిపే శంఖాలు, గవ్వల అచ్చులు ఆయనకు దొరకలేదు. ఏ పొర కింద ఉంది, ఏది దానిమీద కూర్చుంది, ఎటు వాలింది అని కొండ కొండకూ పోయి చూడటమే దారి. సహోద్యోగుల సర్వేను కూడా కలుపుకొని 1872లో కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథం వెలువరించారు. అన్నిటికంటే అడుగున గువ్వలచెరువు గట్టిరాయి (మనకు ఆ ఊరంటే పాలకోవాయే గుర్తు!), దానిమీద వేంపల్లె సున్నపురాయి, ఈ రెండూ పాపాఘ్ని వర్గం. ఆపైన చెయ్యేరు, నల్లమల, కృష్ణా వర్గాలు. వాటన్నిటి మీద బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యం, కుందూ పేర్లతో కర్నూలు శిలలు. విదేశీ పేర్లు రుద్దకుండా మన ఏళ్ల పేర్లు, ఊళ్ల పేర్లే పెట్టడం ఆయన పెద్దరికం అని నా అభిప్రాయం.

పొరపాటు లేకపోలేదు. పడమట పులివెందుల వైపు పొరలు మెల్లగా వాలి వరుసగా కనిపిస్తాయి. తూర్పున మన వైపు నలిగి మడతలు పడ్డాయి. కింగ్ గారు పుల్లంపేట పలకరాయిని తాడిపత్రి రాతికి జోడీగా చెయ్యేరు వర్గంలో చేర్చారు. తరువాతివారు దాన్ని నల్లమల వర్గానికి మార్చి, మిగిలిన దానికి చిత్రావతి పేరిచ్చారు. మంగంపేట ముగ్గురాయి ఉన్నది ఈ పుల్లంపేట రాళ్లలోనే.

ఏ రాయి ముందు పుట్టిందన్నది కింగ్ గారి ప్రశ్న. కట్టడం కట్టేవారి ప్రశ్న వేరు. ఎంత బరువు మోస్తుంది? ఎంత శిథిలమైంది? పగుళ్లు ఎటు వాలాయి? నీరు ఇంకుతుందా? గడ్డపారకు వస్తుందా, మందు పెట్టాలా? తాజా రాయి నుంచి పూర్తిగా మట్టిగా మారినదాకా ఇంజనీర్లు ఆరు మెట్లు లెక్కిస్తారు. పటాలకోసం రాళ్లను, నేలలను ఇలా వర్గీకరించే పద్ధతిని ఇంజనీరింగ్ భూగర్భ శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంఘం 1981లో ప్రచురించింది. అలా చూస్తే ఒక్క పుల్లంపేట రంగులోనే మెత్తని పలకరాయి, సున్నపురాతి పట్టీలు వేరువేరు తరగతులకు పోతాయి. ఏటి గట్టున ఒండ్రు అని ఒకే రంగు వేసినచోట ఇసుక, గులకరాళ్లు, బంకమన్ను విడదీయాలి. 2021 నవంబరు 19న చెయ్యేటి వరదకు అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి పులపత్తూరు, మందపల్లి మునగడం చూసినవారికి నది పక్క నేలను గురించి వేరే చెప్పాలా? అక్కడ కట్టను తెంచింది వరదే, ఏ పటమూ దాన్ని ఆపేది కాదు. అయితే ఆ ఒడ్డున మళ్లీ ఏది కట్టాలన్నా రాయీ మన్నూ వేరుచేసిన పటం కావాలి. దానికి మొదటి గీత మాత్రం కింగ్ గారిదే.

కడప గ్రంథం వెలువడే ముందే, 1871లో, నిజాం రాజ్యంలోని ఇల్లెందు వద్ద ఆయన బొగ్గు కనుగొన్నారు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. అదే మన సింగరేణి. 1887 నుంచి 1894 వరకు శాఖకు డైరెక్టరుగా ఉండి, మనలాగే పదవీ విరమణ చేశారు. 1900లో కన్నుమూశారు. చెయ్యేరు వర్గం పేరు శాస్త్రజ్ఞుల పట్టికల్లోంచి తొలగిపోయినా, సింగరేణిలో ఒక బొగ్గు పొరను కింగ్ సీమ్ అనే పిలుస్తారు.