డియెగో డి వర్గాస్

డియెగో డి వర్గాస్ (1643 - ఏప్రిల్ 8, 1704) స్పెయిన్ సామ్రాజ్యానికి ఉత్తర సరిహద్దుగా ఉండిన న్యూ మెక్సికో ప్రాంతపు గవర్నరు. 1680 తిరుగుబాటుతో స్పెయిన్ చేజారిన ఈ ప్రాంతాన్ని తిరిగి ఆక్రమించిన వ్యక్తిగా ప్రసిద్ధుడు. ఇతడు స్పానిష్ భాషలో రాయించిన దినచర్యలు, నివేదికలు ఆనాటి జనజీవనాన్ని తెలిపే ముఖ్యమైన చారిత్రక ఆధారాలు.

తొలి జీవితం

వర్గాస్ మాడ్రిడ్ నగరంలో ఒక కులీన కుటుంబంలో జన్మించాడు. వంశానికి పేరు ప్రతిష్ఠలతో పాటు అప్పులు కూడా ఉండేవి. 1664లో బియాట్రిజ్ పిమెంటెల్‌ను వివాహమాడాడు. తరువాత భార్యాబిడ్డలను స్పెయిన్‌లోనే ఉంచి, ఉద్యోగార్థం నేటి మెక్సికోకు వెళ్ళాడు. 1674లో భార్య మరణించింది. ఇతడు మరల స్వదేశానికి తిరిగి వెళ్ళలేదు. గనుల పట్టణమైన త్లాల్పుహావాలో పాలనాధికారిగా పనిచేసి, 1688లో న్యూ మెక్సికో గవర్నరుగా నియమితుడయ్యాడు. 1691లో ఎల్ పాసోలో బాధ్యతలు స్వీకరించాడు.

నేపథ్యం

న్యూ మెక్సికోలో ప్యూబ్లో ప్రజలు మొక్కజొన్న పండించుకుంటూ గ్రామాలలో నివసించేవారు. స్పెయిన్ పాలకుల పన్నులు, వెట్టిచాకిరి, మత నిర్బంధం సహించలేక 1680లో పొపే మొదలైన నాయకుల ఆధ్వర్యంలో తిరుగుబాటు చేశారు. 21 మంది క్రైస్తవ మతగురువులతో సహా సుమారు 400 మంది హతులయ్యారు. మిగిలినవారు ఎల్ పాసోకు పారిపోయారు. శాంటా ఫేలోని ప్రభుత్వ పత్రాలు నాశనమయ్యాయి. అందువలన అక్కడి పాత పత్రాలు అధికభాగం వర్గాస్ కాలం నుండే మొదలవుతాయి.

పునరాక్రమణ

1692 సెప్టెంబరులో వర్గాస్ కొద్దిపాటి సేనతో శాంటా ఫే చేరి, సంప్రదింపుల ద్వారా ప్యూబ్లోలను లొంగదీశాడు. ఆ సంవత్సరపు యాత్రను రక్తపాతం లేని విజయంగా చాలాకాలం కీర్తించారు. కాని 1693 డిసెంబరులో వలస కుటుంబాలతో తిరిగి వచ్చినపుడు, నగరంలోని ప్యూబ్లోలు ఖాళీ చేయడానికి నిరాకరించగా యుద్ధం జరిగింది. వర్గాస్ ఆజ్ఞపై 70 మందిని కాల్చి చంపారు. సుమారు 400 మంది స్త్రీలను, పిల్లలను, ఇతరులను పదేళ్ళ సేవకత్వం కింద పంచిపెట్టారు. ఈ విషయాలు వర్గాస్ సొంత పత్రాలలోనే నమోదై ఉన్నాయి. 1696లో జరిగిన రెండవ తిరుగుబాటును కూడా ఇతడు అణచివేశాడు.

వర్గాస్ కాలపు పత్రాలు

లేఖకులు దండయాత్రల వివరాలను ఏ రోజుకారోజు రాసేవారు. గవర్నరు సంతకం చేసిన పిదప ప్రతులను మెక్సికో నగరంలోని వైస్రాయికి పంపేవారు. వలస కుటుంబాల పట్టికలు, 1697లో వారికి పంచిన గొర్రెలు, మేకలు, ఆవుల జాబితా కూడా లభిస్తున్నాయి. ప్యూబ్లోల మాటలు మాత్రం దుబాసీల ద్వారా, విచారణ చేసిన అధికారులు రాయించిన రూపంలోనే మిగిలాయి. 1870లో, అమెరికా పాలనలో, శాంటా ఫేలోని పాత పత్రాలు కొన్ని చిత్తుకాగితాలుగా అమ్ముడుపోయాయి. వర్గాస్ దినచర్యలు, ఉత్తరాలు ఆంగ్లానువాదంతో 1989 - 2002 మధ్య ఆరు సంపుటాలుగా వెలువడ్డాయి.

చివరి దశ

1697లో గవర్నరైన పెద్రో రోడ్రిగెజ్ కుబెరో ఇతనిపై అభియోగాలు మోపి, సుమారు మూడేళ్ళు నిర్బంధించాడు. నిర్దోషిగా తేలిన వర్గాస్ 1703లో తిరిగి గవర్నరయ్యాడు. మరుసటి ఏడు అపాచీలపై దండయాత్రలో జబ్బుపడి బెర్నలిల్లోలో మరణించాడు.

స్మృతి

శాంటా ఫేలో వర్గాస్ స్మారకంగా ఉత్సవం జరపాలని 1712లో ప్రకటించారు. ఇతని నగరప్రవేశాన్ని అభినయించే ఘట్టాన్ని ప్యూబ్లోల నిరసనల అనంతరం 2018లో విరమించారు. 2020లో నగరంలోని వర్గాస్ విగ్రహాన్ని తొలగించారు.