రుతుపవనాల జాడ వెతికిన లెక్కల మేధావి – సర్ గిల్బర్ట్ వాకర్

ప్రతి వార్షికోత్సవ సంచికలోనూ ఒక మహనీయుని జీవిత చరిత్ర రాయడం మన హాస్టల్‌లో ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, గురజాడ గురించి, గిడుగు గురించి మన అన్నలు ఇదివరకే చక్కగా రాసేశారు. ఈసారి మేము ఒక ఇంగ్లీషు దొర గురించి రాస్తున్నాం. ఇదెక్కడి సంగతని పెద్దలు కోప్పడవద్దు. కారణం ఉంది.

వేసవి సెలవులు అయ్యాక మనం పెట్టెలు సర్దుకుని హాస్టల్‌కు వచ్చే రోజులూ, ఊళ్లో మృగశిర కార్తె వానల కోసం ఆకాశం వైపు చూసే రోజులూ ఒక్కటే. వానలు పడితే అమ్మానాన్నలకు ఊళ్లోనే ఉబాల పని దొరుకుతుంది. పడకపోతే తాళం వేసి విజయవాడకో, హైదరాబాద్‌కో, చెన్నైకో వలస పోవాల్సిందే. దసరా సెలవులకు ఇంటికి వెళితే తలుపు తీసి ఉంటుందా, తాళం ఉంటుందా అన్నది మనలో చాలామందికి వాన చెప్పే మాటే. ఆ వాన ఏ సంవత్సరం పడుతుందో, ఏ సంవత్సరం పడదో ముందుగా చెప్పాలని ఇరవై ఏళ్లు లెక్కలు కట్టిన మనిషి గిల్బర్ట్ వాకర్.

ఆయన 1868 జూన్ 14న ఇంగ్లాండులోని రోచ్‌డేల్‌లో జన్మించారు. కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాలలో గణితం చదివి, 1889లో సీనియర్ రాంగ్లర్ అయ్యారు. అంటే ఆ ఏడు గణిత పరీక్షలో అందరికంటే ముందు నిలిచారన్నమాట. అంత చదువూ ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. మూడు చలికాలాలు స్విట్జర్లాండ్‌లో విశ్రాంతి తీసుకోవలసి వచ్చింది. అక్కడ మంచు మీద జారే స్కేటింగ్‌లో మంచి నేర్పరి అయ్యారట! బూమరాంగ్ విసిరితే తిరిగి చేతికి ఎందుకు వస్తుందో లెక్కలు కట్టి వ్యాసం రాశారు. స్నేహితులు ఆయన్ని బూమరాంగ్ వాకర్ అని పిలిచేవారు. వేణువు మీద కూడా ఆయనకు మక్కువ ఎక్కువ. పరీక్షల ముందు తప్ప పుస్తకం ముట్టని మాకు ఇలాంటి ఫస్టు ర్యాంకు వాళ్లంటే కొంచెం నమ్మకం కుదిరింది.

ఇక ఆయన మన దేశానికి ఎలా వచ్చారంటే, ముందు కరువుల సంగతి చెప్పాలి. అప్పట్లో శ్రీకాకుళం ప్రాంతం గంజాం జిల్లాలోనూ, విజయనగరం విశాఖపట్నం జిల్లాలోనూ ఉండేవి. 1866లో ఒడిశాను ఊడ్చేసిన కరువు గంజాం జిల్లాను కూడా వదల్లేదు. 1864లో కలకత్తాను ముంచిన తుపాను, 1866, 1871లలో వానలు తప్పిపోవడం, వీటివల్లనే 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. మొదటి అధికారి హెన్రీ బ్లాన్‌ఫర్డ్ హిమాలయాల మంచును బట్టి వానలను అంచనా వేయాలని చూశారు. తరువాతి అధికారి జాన్ ఇలియట్ 1899లో వానలు బాగుంటాయని అంచనా వేస్తే, ఆ ఏడు ఘోరమైన కరువు వచ్చింది. ఈ పని వాతావరణం తెలిసిన వారి వల్ల కాలేదు, గణితం తెలిసిన వారికి అప్పగిద్దాం అనుకున్నారు కాబోలు. వాకర్‌ను పిలిచారు. అంతవరకు ఆయన వాతావరణ శాస్త్రం మీద పని చేసినవారు కాదు. 1904లో పదవి చేపట్టి సిమ్లాలో కూర్చున్నారు.

ఆయన పద్ధతి చూడటానికి చాలా సాదాది. వానలు ఎందుకు పడతాయో నాకు తెలియదు కాబట్టి, ప్రపంచంలో దేనితో దేనికి పొత్తు కుదురుతుందో ముందు చూద్దాం అనుకున్నారు. దేశదేశాల నుంచి గాలి పీడనం, ఉష్ణోగ్రత, వర్షపాతం, నదుల వరద, ఇలా ఏళ్ల తరబడి నమోదైన అంకెలు తెప్పించారు. ఒక్కో జతకూ సహసంబంధం లెక్కకట్టాలి. కంప్యూటర్లు లేవు, కాలిక్యులేటర్లు లేవు. భారతీయ గుమస్తాలు వరుసగా కూర్చుని కాగితం మీద వేల లెక్కలు చేశారు. ఆ పేరు వాకర్‌కు వచ్చింది గానీ, సగం చెమట వారిదేనని మా అభిప్రాయం.

ఈ మధ్యలో జరిగిన ఒక విషయం మన హాస్టల్ వాళ్లం తప్పక తెలుసుకోవాలి. 1913 ఫిబ్రవరిలో వాకర్ మద్రాసు వచ్చారు. అక్కడ పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల జీతానికి పనిచేస్తున్న ఒక గుమస్తా నోటుపుస్తకాలు ఆయనకు చూపించారు. ఆ గుమస్తా శ్రీనివాస రామానుజన్. డిగ్రీ లేదు. ఆ గణిత విభాగంలో తనకు పెద్దగా ప్రవేశం లేదని ఒప్పుకుంటూనే, ఈ కుర్రవాడు పొట్టకూటి చింత లేకుండా లెక్కలు చేసుకునేలా చూడమని మద్రాసు విశ్వవిద్యాలయానికి వాకర్ ఉత్తరం రాశారు. నెలకు 75 రూపాయల స్కాలర్‌షిప్ మంజూరైంది. డిగ్రీ లేనివాడికి స్కాలర్‌షిప్ ఏమిటని అడ్డుపడకుండా పెద్ద పదవిలో ఉన్న ఒకరు ఉత్తరం రాయడం ఎంత పనిచేస్తుందో మనకు వేరే చెప్పనక్కరలేదు.

మరి వానల సంగతి? 1918లో రుతుపవనాలు దేశమంతా ఘోరంగా దెబ్బకొట్టాయి. ఏ ఏడు కరువో ఖాయంగా చెప్పగలిగే సూత్రం వాకర్‌కు చిక్కలేదు. కానీ వెతుకుతున్నది దొరక్కపోయినా వేరొకటి దొరికింది. పసిఫిక్ మహాసముద్రం మీద గాలి పీడనం ఎక్కువైతే ఆస్ట్రేలియా నుంచి ఆఫ్రికా దాకా హిందూ మహాసముద్రం మీద తగ్గుతోంది. అక్కడ తగ్గితే ఇక్కడ పెరుగుతోంది. మన చేలల్లో ఏతం ఒక కొస దిగితే రెండో కొస లేచినట్టు. దీనికి ఆయన సదరన్ ఆసిలేషన్, అంటే దక్షిణ డోలనం, అని పేరు పెట్టారు. ఇక్కడ పీడనం పెరిగిన ఏళ్లలో మన వానలు తగ్గుతున్నాయని కూడా అంకెల్లో కనబడింది.

1924లో ఆయన సర్ బిరుదు పొంది పదవీ విరమణ చేసి, లండన్ ఇంపీరియల్ కాలేజీలో 1934 వరకు ఆచార్యులుగా పనిచేశారు. ఆ ఏతాన్ని తొక్కుతున్నది ఏమిటో మాత్రం చెప్పలేకపోయారు. ఉత్త అంకెల పొత్తులేనని కొందరు పెదవి విరిచారు. 1958 నవంబర్ 4న తన 90వ ఏట కన్నుమూశారు.

ఏతం తొక్కుతున్నది సముద్రం నీటి వేడి. పెరూ తీరంలో కొన్నేళ్లకోసారి క్రిస్మస్ వేళకు నీరు వేడెక్కి చేపలు మాయమవుతుంటే, అక్కడి మత్స్యకారులు దానికి ఎల్‌నినో, అంటే బాలుడు, బాలయేసు, అని పేరు పెట్టుకున్నారు. వాకర్ పోయిన 11 ఏళ్లకు, 1969లో జాకబ్ బెర్క్‌నెస్ అనే శాస్త్రవేత్త ఈ రెంటినీ కలిపారు. మామూలు ఏళ్లలో తూర్పు గాలులు పసిఫిక్ పైనీటిని ఇండోనేషియా వైపు తోస్తాయి. అక్కడ వేడినీటి మీద గాలి పైకి లేచి మేఘాలు కడతాయి. గాలులు నీరసిస్తే ఆ వేడినీరు తూర్పుకు జారిపోతుంది, మేఘాలూ దానితోపాటే పోతాయి. మన వైపు గాలి పైకి లేవడానికి బదులు కిందికి దిగుతుంది. అలా దిగే గాలిలో మేఘం కట్టదు. ఈ గాలి తిరుగుడుకు బెర్క్‌నెస్ వాకర్ పేరే పెట్టారు. పెద్దాయన అది వినలేదు. ఆయన చివరి రోజుల్లోనే, 1957–58లో, పెద్ద ఎల్‌నినో వచ్చింది. బెర్క్‌నెస్‌కు దారి చూపింది ఆ ఏళ్ల కొలతలే.

అయితే ఎల్‌నినో అనగానే కరువు అని టీవీ చూసి బెంబేలెత్తిపోనక్కరలేదు. 2002లో దేశం మొత్తం వర్షపాతం సగటులో 81 శాతానికి, 2009లో 78 శాతానికి పడిపోయింది. రెండూ ఎల్‌నినో ఏళ్లే. కానీ అంతకంటే ఎంతో బలమైన ఎల్‌నినో వచ్చిన 1997లో 102 శాతం పడింది! ఆ ఏడు హిందూ మహాసముద్రంలోనే పడమటి వైపు నీరు వేడిగా, సుమత్రా వైపు చల్లగా ఉండి మనకు కలిసివచ్చిందని తరువాత చెప్పారు. ఈ డైపోల్‌ను 1999లో గుర్తించిన బృందంలో మన దేశపు శాస్త్రవేత్తలు ఉన్నారు. మన బంగాళాఖాతం లెక్క మళ్లీ వేరు. పైనీటి వేడి సుమారు 26.5 డిగ్రీలు దాటితే తుపానుకు మేత దొరికినట్టే. 2018 అక్టోబర్ 11న తిత్లీ అలాగే వచ్చి ఉద్దానంలో కొబ్బరినీ జీడితోటలనూ పడగొట్టింది. మాలో చాలామందిమి అప్పుడు చిన్నపిల్లలం. కానీ పలాస వైపు నుంచి వచ్చిన మా మిత్రులు తోట అనే మాట వస్తే ఇప్పటికీ తిత్లీకి ముందు, తిత్లీకి తరువాత అనే లెక్కలో మాట్లాడతారు.

వాతావరణ శాఖ ఏప్రిల్‌లో ఒకసారి, మే నెలాఖరున ఒకసారి రుతుపవనాల అంచనా ప్రకటిస్తుంది. ఏప్రిల్ నాటికి పసిఫిక్ ఎటు తిరుగుతుందో పట్టుకోవడం కష్టం. అందుచేత సెలవులకు వెళ్లినప్పుడు మే నెలాఖరు ప్రకటనను పేపర్లో చూసి, విత్తనాలు కొనకముందే ఇంట్లో చదివి వినిపించండి.