దక్కను కథలు చెప్పిన పరదేశి మెడోస్ టేలర్

1600 నాటి జపానును గురించి జేమ్స్ క్లావెల్ అనే ఆంగ్ల రచయిత 1975లో వెలువరించిన షోగన్ నవల దేశదేశాల పాఠకులను ఆకర్షించింది. పరాయివాడు మరొక జాతి చరిత్రను కథగా చెప్పినప్పుడు దానిని ఎంతవరకు నమ్మవచ్చునన్న సందేహం అటువంటి గ్రంథాలను చదివేవారికి సహజం. ఆ సందేహం మన ప్రాంతానికీ కొత్తది కాదు. నాందేడు నిజాం రాజ్యంలో ఉన్న కాలంలోనే దక్కను చరిత్రను నవలలుగా మలచిన పరదేశి ఫిలిప్ మెడోస్ టేలర్.

ఆయన 1808 సెప్టెంబరు 25న ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో జన్మించారు. పదిహేనేళ్ల ప్రాయంలో, ఒక వర్తకుని వద్ద ఉద్యోగానికని 1824లో బొంబాయి చేరారు. ఆ వ్యాపారం అప్పటికే దెబ్బతిని ఉన్నది. బంధువుల సాయంతో నిజాం సైన్యంలో కొలువు లభించింది. పోలీసు, న్యాయ విధులలో పల్లెపల్లె తిరుగుతూ ఇక్కడి భాషలను, ఆచారాలను శ్రద్ధగా నేర్చుకున్నారు. హైదరాబాదులో పేరొందిన పామర్ కుటుంబపు కుమార్తెను వివాహమాడారు.

బాటసారులను రుమాలుతో ఉరిబిగించి చంపే థగ్గుల ముఠాలను గురించి ఆయన రాసిన మొదటి నవల 1839లో లండన్‌లో వెలువడి గొప్ప పేరు తెచ్చింది. అయితే ఆ భయానక చిత్రంలో పాలకుల అతిశయోక్తి పాలెంతో ఉన్నదని తరువాతి చరిత్రకారులు కొందరు భావించారు.

1841లో ఆయన నేటి కర్ణాటకలోని సురపురం సంస్థానానికి వెళ్లారు. బాలుడైన రాజా వెంకటప్ప నాయకునికి సంరక్షకులై 1853 వరకు పాలనను చక్కదిద్దారు. బాలరాజు ఆయనను అప్పా అని పిలిచేవాడు. తరువాత నల్‌దుర్గ్‌లో అధికారిగా పనిచేశారు. ఆ పరిసరాలే 1863లో వచ్చిన తారా నవలకు రంగస్థలమైనాయి. మన కుటుంబాలెన్నో మొక్కులు చెల్లించుకొనే తుల్జాపూర్ భవాని ఆలయ అర్చకుని కుమార్తె అందులో కథానాయిక. కథాకాలం 1657, శివాజీ రోజులు.

ఆయన జీవితంలో కఠినమైన పరీక్ష 1858లో ఎదురైంది. వెంకటప్ప నాయకుడు ఆంగ్లేయులపై తిరుగుబాటు చేసి ఓడి, హైదరాబాదులో పట్టుబడ్డారు. టేలర్ చెరసాలకు వెళ్లి తాను పెంచిన బిడ్డను చూశారు. మరణశిక్ష తగ్గి నాలుగేళ్ల నిర్బంధంగా మారినా, రాజు దారిలోనే తుపాకి గుండుకు అసువులు బాశారు. టేలర్ తన ఆత్మకథలో ఆయనను దుర్బోధలకు లోనైన దురదృష్టవంతునిగా చూపారు. సురపురం ప్రజలు మాత్రం స్వాతంత్ర్య వీరునిగా స్మరిస్తారు. ప్రేమించిన మనిషి సైతం పాలకుని కళ్లద్దాలను పూర్తిగా తీయలేకపోయారు.

1860లో స్వదేశం చేరినా ఆయన మనసు దక్కనును వీడలేదు. చాంద్ బీబీ వీరగాథను చివరి నవలగా రాశారు. సాలార్‌జంగ్ ఆహ్వానంపై 1875లో మరల హైదరాబాదు వచ్చి, తిరుగు ప్రయాణంలో 1876 మే 13న ఫ్రాన్సులోని మెంటన్‌లో కన్నుమూశారు. చివరి నవల, ఆత్మకథ మరణానంతరమే వెలువడ్డాయి.

పరదేశి రాసినంత మాత్రాన పుస్తకాన్ని త్రోసిపుచ్చడం తగదు. అచ్చులో ఉన్నదని తలకెత్తుకోవడమూ తగదు. మరాఠీ, తెలుగు రెండూ వినబడే ఇళ్లలో పెరిగే పిల్లలకు ఒకే సంగతిని రెండు వైపుల నుంచి వినడం అలవాటే. టేలర్ గ్రంథాలను చదివేటప్పుడూ ఆ అలవాటే ప్రయోజనకరం.