బెర్లిన్‌ కాదంది.. గొట్టింగెన్‌ పట్టా ఇచ్చింది!

జర్మనీలో ఎంఎస్‌కు అప్లై చేస్తున్నారా? ఏపీఎస్‌ సర్టిఫికెట్‌, బ్లాక్డ్‌ అకౌంట్‌, ఎస్‌వోపీ పనులతో విసుగొస్తోందా? అయితే దరఖాస్తు పెట్టే అర్హతే లేని రోజుల్లో అక్కడికి వెళ్లి చదివిన ఓ విదేశీ విద్యార్థిని గురించి తెలుసుకోండి. ఆమె సోఫియా కొవలెవ్‌స్కాయా.

1850లో మాస్కోలో పుట్టారు. చిన్నప్పుడు వాల్‌పేపర్‌ చాలక ఆమె గది గోడకు పాత కాలిక్యులస్‌ నోట్సు కాగితాలు అతికించారు. అర్థం కాకపోయినా వాటిని గంటల తరబడి చూసేవారట. రష్యా యూనివర్సిటీల్లో అమ్మాయిలకు సీటు లేదు. విదేశాలకు వెళ్లాలంటే తండ్రో భర్తో అనుమతివ్వాలి. అందుకే 1868లో చదువు కోసమే పెళ్లి చేసుకున్నారు.

ఒక్కో ప్రొఫెసర్‌నీ అడిగి..

1869లో హైడెల్‌బర్గ్‌ చేరారు. అక్కడా అడ్మిషన్‌ లేదు. ప్రొఫెసర్లు ఒప్పుకుంటే క్లాసులో కూర్చోవచ్చన్నారు. ఆమె ఒక్కొక్కరినీ అడిగి ఒప్పించారు. మరుసటి ఏడాది బెర్లిన్‌ వెళ్లి, ప్రముఖ గణితవేత్త వయర్‌స్ట్రాస్‌ను కలిశారు. ఆయన కొన్ని కష్టమైన లెక్కలిచ్చి పంపేశారు. వారం తిరిగేసరికి ఆమె జవాబులతో వచ్చారు. వాటిని చూశాక ఆయనే ఆమె తరఫున యూనివర్సిటీని అడిగారు. బెర్లిన్‌ కాదంది. దాంతో నాలుగేళ్లపాటు సొంతంగా పాఠాలు చెప్పారు.

ఆ నాలుగేళ్లలో సోఫియా మూడు పరిశోధన పత్రాలు రాశారు. వాటిలో ఒకటి శనిగ్రహ వలయాలపై. 1874లో గొట్టింగెన్‌ యూనివర్సిటీ ఆ పత్రాలు చూసి, మౌఖిక పరీక్ష లేకుండానే అత్యున్నత శ్రేణిలో డాక్టరేట్‌ ఇచ్చింది. ఆధునిక కాలంలో గణితంలో డాక్టరేట్‌ పొందిన తొలి మహిళ ఆమే.

పట్టా ఉన్నా కొలువు లేదు

ఇక ఉద్యోగం ఖాయమనుకుంటున్నారా? కాదు. రష్యాలో ఏ యూనివర్సిటీ తీసుకోలేదు. దాదాపు ఆరేళ్లు గణితానికే దూరమయ్యారు. 1880లో ఓ సదస్సులో పత్రం చదివి మళ్లీ మొదలుపెట్టారు. వయర్‌స్ట్రాస్‌ మరో శిష్యుడు మిట్టాగ్‌-లెఫ్లర్‌ చొరవతో స్టాక్‌హోమ్‌లో అవకాశం వచ్చింది. అదీ మొదట్లో యూనివర్సిటీ జీతం లేని కొలువే. 1884లో జర్మన్‌లోనే పాఠాలు మొదలుపెట్టి, తర్వాత స్వీడిష్‌ నేర్చుకున్నారు. తిరిగే వస్తువుల చలనంపై చేసిన పరిశోధనకు 1888లో ఫ్రెంచ్‌ అకాడమీ బహుమతి దక్కింది. పని నచ్చి బహుమతి మొత్తాన్ని 3,000 ఫ్రాంకుల నుంచి 5,000కు పెంచారు. 1889లో శాశ్వత ప్రొఫెసరయ్యారు. 1891లో, 41 ఏళ్లకే మరణించారు.

ఇక్కడ మీరు పట్టుకోవాల్సినవి రెండు. ప్రొఫెసర్‌కు మెయిల్‌ పెట్టేటప్పుడు మార్కులతో ఆగకండి, మీరు చేసిన పనీ చూపించండి. సోఫియాకు తలుపు తెరిచింది సర్టిఫికెట్‌ కాదు, ఆ లెక్కల జవాబులే. రెండోది, పట్టా వచ్చాక కొలువు ఆలస్యమైతే సబ్జెక్టును వదిలేయకండి. ఆమెకు ఉద్యోగం వచ్చింది కూడా మళ్లీ దాన్ని పట్టుకున్నాకే!